పచ్చప్పకు గంట నేర్పిన ఘనుడు

కన్నతండ్రి తలమీద కిరీటం పెట్టి చూసుకోవాలని ఏ కొడుక్కి ఉండదు చెప్పండి. నేను పెట్టాను. కాకపోతే ఆ కిరీటానికి నాలుగు కాళ్ళు, కాళ్ళకు గోళ్ళు, వెనకాల బారెడు తోక ఉన్నాయి. అది ఊపిరి కూడా పీలుస్తుంది. ఆయుధపూజ నాడు మా మగ్గాల షెడ్డులో జరిగిన ఆ పట్టాభిషేకం తరువాత, నగరిలో నన్ను చూసిన ప్రతివాడూ నమస్కారం మానేసి గంట ఊపినట్టు చెయ్యి ఊపుతున్నాడు. వాళ్ళు ఎందుకు ఊపుతున్నారో మీకూ తెలియాలి కదా. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. కింద షెడ్డులో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు. మిద్దె మీద ఒక గది, నాలుగు పూలకుండీలు. పొద్దున మగ్గాలు మొదలైతే ఇక గోడలతో సహా ఇల్లంతా అదురుతూనే ఉంటుంది. అందుకని మా ఇంట్లో మాటలు తక్కువ, సైగలు ఎక్కువ. అమ్మ అన్నానికి పిలవాలంటే చేతిని నోటిదాకా తీసుకెళ్ళి చూపిస్తుంది. నాయన నన్ను తిట్టాలంటే ముందు వేలు చూపిస్తాడు. మిగతా తిట్లు కరెంటు పోయినప్పుడు వస్తాయి.

మా నాయన మునిరత్నానికి బల్లి అంటే భయం. భయం అని ఇంట్లో ఎవరమూ అనం, పట్టింపు అంటాం. మా తాత తలమీద ఒకసారి బల్లి పడింది. ఆ నెల తిరక్కుండానే తాత పోయాడు. అప్పటికే తాత చాలాకాలంగా మంచంలో ఉన్నాడనీ, డాక్టర్లు చేతులెత్తేశారనీ అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాయన చెవిన పడదు. ఆయన దృష్టిలో తాతను తీసుకుపోయింది బల్లే. ఏటా కంచికి వెళ్ళి బంగారు బల్లిని తాకి వస్తాడు. ఇంట్లో పంచాంగం తీస్తే అది దానంతట అదే బల్లిపాటు పేజీ దగ్గర తెరుచుకుంటుంది.

ఇలాంటి ఇంటికి మా బావ ఇగువానాను తెచ్చాడు.

బావ పేరు దామోదరం. రేణిగుంటలో ఒక గోడౌన్లో సూపర్‌వైజరు. కాగితాలన్నీ సక్రమంగా రాయించుకుని మరీ ఆ జీవాన్ని పెంచుతున్నాడు. పచ్చగా ఉంటుందని దానికి పచ్చప్ప అని పేరు పెట్టాడు. దసరాకు ముందు ఆయనకు మద్రాసులో ట్రైనింగ్ పడింది. అక్కను కూడా వెంట తీసుకుపోతున్నాడు. మరి పచ్చప్పను ఎవరు చూసుకుంటారు అన్నప్పుడు, ఫోన్లో ఒక గొంతు "నేనుండాను గదా బావా" అంది. ఆ గొంతు నాదే.

అప్పటికి నా డిగ్రీ పూర్తయింది, ఉద్యోగం రాలేదు. పగలంతా ఫోన్లో జంతువుల వీడియోలు చూసేవాణ్ణి. కొండచిలువను మెళ్ళో వేసుకునేవాళ్ళనూ, మొసలికి ముద్దలు తినిపించేవాళ్ళనూ చూసి చూసి, ఆ విద్య నాకూ వచ్చేసిందనుకున్నాను. నిజానికి బొద్దింక కనిపిస్తే మంచమెక్కి అమ్మను పిలిచే మనిషిని.

బావ పంజరం దించగానే నాయన మగ్గం ఆపేశాడు. మిగతా మూడూ తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి అందరం బయటికి వచ్చి మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"ఇదేంది అల్లుడా?" అన్నాడు నాయన, గడప దాటకుండా.

"ఇగువానా మామా. ఆకులు, పూలు తినే జీవం. పురుగును గూడా ముట్టుకోదు."

"బల్లి గదా?"

"ఆ జాతేగానీ బల్లి గాదు మామా."

నాయన దాన్ని తలనుంచి తోకదాకా చూశాడు. ఆ చూపు చివరికి చేరడానికి కొంచెంసేపు పట్టింది. మా ఇళ్ళల్లో అల్లుడు తెచ్చినదాన్ని కాదనే వాడుక లేదు. పులిని తెచ్చినా ముందు కాఫీ ఇచ్చి, తరువాతే భయపడతాం. నాయన కాఫీ ఇప్పించి, నన్ను పక్కకు పిలిచాడు.

"సీనా, అది మిద్దె దిగకూడదు. నా నెత్తినగానీ పడిందో, నాదీ మీ తాత దారే. ఎగతాళిగా సెప్పడంలా."

"దిగదు నాయనా. నీ మింద ఒట్టు," అని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాను. ఆయన చెయ్యి చల్లగా ఉంది. దాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు.

బావ వెళ్తూ వెళ్తూ నాకు పాఠం చెప్పాడు. "పైనించి సెయ్యి పెట్టొద్దు, గద్ద అనుకుంటాది. పక్కనించి నిదానంగా పో. ఎత్తేటప్పుడు కడుపు కింద సెయ్యి పెట్టి కాళ్ళకు ఆసరా ఇయ్యి. అది కండ్లు మూసుకునిందంటే నిన్ను నమ్మినట్టు. తల ఎగరేసిందంటే కోపమొచ్చినట్టు. అన్నిటికంటే ముఖ్యం తోక. తోక పట్టి లాగినావంటే ఊడి సేతికొస్తాది."

"ఊడితే?"

"ఊడితే నాకు కోపమొస్తాది. నా కోపం ఎట్లుంటాదో మీ అక్కనడుగు."

అక్క జాలిగా నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

మొదటివారం పచ్చప్పకూ నాకూ మధ్య పెద్ద స్నేహమేమీ కుదరలేదు. పంజరాన్ని మిద్దె గదిలో తెరిచిపెట్టి, నేను తలుపు సందులోంచి మునగాకు విసిరేవాణ్ణి. అది తల ఎగరేసేది, గొంతుకింద సంచి సాచేది, తోకను గోడకేసి ఫట్‌మని కొట్టేది. నేను తలుపు మూసి మెట్లమీద కూర్చుని ఊపిరి పీల్చుకునేవాణ్ణి. అమ్మ కిందనుంచి ఏమైందని సైగ చేసేది. అంతా బాగుందని నేను బొటనవేలు చూపించేవాణ్ణి. ఆ బొటనవేలు వణకడం అంతదూరానికి కనిపించేది కాదు.

అప్పుడు ఒక వీడియోలో ఒక పెద్దమనిషి రహస్యం చెప్పాడు. మేత పెట్టేముందు ప్రతిసారీ ఒకే శబ్దం చెయ్యాలట. ఆ శబ్దం వింటే వచ్చేది శత్రువు కాదు, అన్నం అని దానికి అర్థమవుతుందట. ఆయన మెత్తగా పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆయన ఇంటికింద నాలుగు మగ్గాలు లేవు కదా. నేను గొంతు చించుకుని పచ్చప్పా అని అరిచినా నా చెవికే వినపడలేదు. మగ్గాల మోతను చీల్చుకుని వినిపించాలంటే గట్టి శబ్దం కావాలి.

అటకమీద పాత పూజగంట కనిపించింది.

ఇక్కడ ఆగి ఒక్కమాట చెప్పుకోవాలి. ఆ క్షణంలో నాలో ఎక్కడో ఒక బుద్ధి ఉండి, "ఒరే, ఇంట్లో మీ నాయన కూడా గంట కొడతాడు కదరా" అని అడిగి ఉండాలి. అడగలేదు. ఎందుకంటే నాయన రోజూ పూజ చేసేది మగ్గాలు నడుస్తుండగానే. ఆ గంట మిద్దె మీదికి వినిపించగా నేనెప్పుడూ వినలేదు. దేవుడికైనా వినిపించేదో లేదో.

గంట పని చేసింది. గంట కొట్టడం, పక్కనుంచి చెయ్యి చాచడం, అరచేతిలో మందారపువ్వు. మిద్దెమీది కుండీల్లో పూసే ఎర్రమందారాలంటే పచ్చప్పకు ప్రాణం. మొదట పువ్వు లాక్కుని పారిపోయింది. తరువాత నా చేతిదగ్గరే నిలబడి తినింది. ఇంకొన్నాళ్ళకు గంట మోగితే చాలు, పంజరంలోంచి బిరబిరా వచ్చి నా చేతిమీదుగా భుజమెక్కి కళ్ళు మూసుకుంది. భయంతో నా చొక్కా తడిసిపోయింది. అయినా ఆ రోజు నాకు కలిగిన గర్వం పరీక్ష పాసైననాడు కూడా కలగలేదు. ఫోటో తీసి బావకు పంపించాను. "అదరగొట్టినావు అబ్బా" అని జవాబు వచ్చింది. గంట సంగతి మాత్రం చెప్పలేదు. గురువన్నాక ఒక రహస్యమైనా దాచుకోవాలి కదా.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మా నేతవాళ్ళకు ఏడాదిలో అంతకన్నా పెద్ద పండుగ లేదు. ఆ రోజు మగ్గాలు ఆగిపోతాయి. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చామంతి దండలు కట్టి, వాటికి విశ్రాంతి ఇస్తాం. ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. మద్రాసునుంచి బావా అక్కా మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. వాళ్ళు తిని, పచ్చప్పను తీసుకుని వెళ్ళిపోతే నా ఒట్టు తీరినట్టే. పొద్దున లేచినప్పటినుంచి ఇంకొక్కపూటే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

నాయన స్నానం చేసి, దేవుడిగదిలో దీపం పెట్టి, ఒక ఎర్రమందారాన్ని ప్రసాదంగా చెవిమీద పెట్టుకుని బయటికి వచ్చాడు. "ఇంట్లో ఇనుము అనేది యాడుండినా తెచ్చి పూజలో పెట్టండి. ఒక్కటి గూడా మిగలకూడదు. పోయినేడు సుత్తి మర్చిపోయినాము, ఏడాదంతా మోటార్లు కాలిపోయినాయి," అన్నాడు.

కత్తెరలు, స్పానర్లు, సుత్తి, కత్తిపీట, అన్నీ తెచ్చి మగ్గం ముందు పరిచాం. ఇంకేమైనా ఉందా అని నేను ఇల్లంతా తిరిగాను. పచ్చప్ప ఉండే మిద్దె గది తలుపుకు తాళంకప్ప కనిపించింది. అదీ ఇనుమే కదా. భక్తిగా తీసి, కడిగి, బొట్టుపెట్టి, సుత్తి పక్కన పెట్టాను. మరి తలుపు? మా ఇంట్లో ఏది ఊడినా ఏది విరిగినా నూలు పోగుతో కట్టేస్తాం. అమ్మ కళ్ళజోడుకూ, నా సైకిలు మడ్‌గార్డుకూ అదే వైద్యం. రెండు పోగులు పురిపెట్టి గొళ్ళేనికి చుట్టి ముడివేశాను. పోగు గట్టిగానే ఉందని లాగి కూడా చూశాను. నేను లాగింది మెల్లగా.

పూజ మొదలైంది. నాయన మొదటి మగ్గాన్ని ఆనుకుని నిలబడి ఒక చేత్తో హారతి, ఒక చేత్తో గంట పట్టుకున్నాడు. ఆయన వెనక అమ్మ, పక్కింటి కన్నెమ్మత్త, నేను. "కండ్లు మూసుకోండి, మగ్గాన్ని మనసులో తలుచుకోండి" అని చెప్పి, నాయన తనూ కళ్ళు మూసుకుని గంట కొట్టాడు.

ఆ నిశ్శబ్దంలో గంట ఖణేల్‌మని మోగింది. మా ఇంట్లో గంట అంత బాగా మోగుతుందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసిన మరుక్షణం మిద్దెవైపు చెవి పెట్టాను. పైన తలుపు గడగడలాడింది. తరువాత ఠప్‌మని చిన్న శబ్దం. పోగు తెగిన శబ్దం నేతవాడి చెవికి ఎవరూ చెప్పక్కరలేదు.

ఒక కన్ను తెరిచాను. పచ్చప్ప మెట్లు దిగుతోంది.

అరవలేను. అరిస్తే నాయన ఉలిక్కిపడతాడు, చేతిలో హారతి ఉంది. అలవాటుకొద్దీ అమ్మకు సైగ చేశాను. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. కన్నెమ్మత్తకు సైగ చేశాను. ఆమె ఎప్పుడూ లేనిది ఆ రోజే భక్తిలో మునిగిపోయింది. పచ్చప్ప నా పక్కనుంచే వెళ్ళింది. నన్ను చూసి కూడా చూడనట్టు వెళ్ళింది. చామంతులు దానికి నచ్చలేదు. తలెత్తి గంట ఎక్కడుందో చూసింది. గంటకు పైన, నాయన చెవిమీద, ఎర్రమందారం కనిపించింది.

అది మగ్గమెక్కింది. మగ్గంమీదనుంచి నాయన భుజమెక్కింది.

"ఎవరే, భుజంమింద సెయ్యేసింది?" అన్నాడు నాయన.

"నాయనా, కదలొద్దు," అన్నాను.

"నువ్వారా?"

"నేను గాదు నాయనా. కండ్లు మాత్రం తెరవొద్దు."

అలా చెబితే తెరవనివాళ్ళు ఈ లోకంలో ఉంటారా. నాయన తెరిచాడు. అప్పటికే పచ్చప్ప ఆయన బట్టతలమీద సర్దుకుని కూర్చుంది. తోక నుదుటిమీదుగా దిగి ముక్కు ముందు వేలాడుతోంది. నాయన చూపు ఆ తోక వెంట పైకి పోయింది. ఇంక పోవడానికి చోటు లేక అక్కడే ఆగింది. గంట ఆగిపోయింది.

గంట ఆగితే మేత రావాలి. రాలేదు కాబట్టి పచ్చప్ప తల ఎగరేసింది, గోళ్ళు నొక్కింది.

"గంట కొట్టు నాయనా, ఆపొద్దు," అన్నాను.

"ఎందుకురా?"

"గంట మోగినంతసేపూ పచ్చప్ప నెమ్మదిగా ఉంటాడు. నేనే నేర్పినా."

"నువ్వు నేర్పినావా?" అన్నాడు నాయన. ఆ ప్రశ్నకు మిగతా భాగం మగ్గాలు ఆగి ఉన్నా రాలేదు. గంట మాత్రం మళ్ళీ మోగింది.

అమ్మ మెల్లగా హారతి పళ్ళెం అందుకుంది. పచ్చప్ప నాయన చెవిమీది మందారాన్ని కరకర నమిలేసింది. తిన్నాక దిగుతుందనుకున్నాం. షెడ్డు ముందువైపు పెంకుల కప్పులో ఉన్న అద్దంలోంచి ఎండ సరిగ్గా ఆ బట్టతలమీద పడుతోంది. వెచ్చని చోటు దొరికితే ఈ జాతి కదలదు. కడుపు ఆనించి, కాళ్ళు వదులు చేసి, కళ్ళు మూసుకుంది.

"నీ మింద వాడికి నమ్మకం కుదిరింది నాయనా," అన్నాను, ధైర్యం చెబుదామని.

"నాకు కుదరలేదురా," అన్నాడు నాయన.

బావకు ఫోన్ చేశాను. "తిరుత్తణి దాటినాం, వచ్చేస్తాం. ఎవరూ లాగొద్దు," అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి, వెంటనే వెళ్ళి లాగబోయాను. నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. నా చెయ్యి పైనుంచి వెళ్ళింది, గద్దలాగే వెళ్ళింది, దొరికిన తోకను పట్టుకుంది.

"వదలరా," అన్నాడు నాయన. "అల్లుడి సొత్తు. తోక ఊడితే మీ అక్క మాట పడాల."

వదిలేశాను. ఆయన తలమీద మృత్యువు కూర్చుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. అయినా దాని తోక గురించి జాగ్రత్త చెబుతున్నాడు. గంట ఊపుతున్న చెయ్యి వణుకుతోంది. వణికే చెయ్యి కాబట్టి గంట ఇంకా గబగబా మోగుతోంది.

"సీనా," అన్నాడు మెల్లగా. "మూడో మగ్గం మోటారు మార్పించు. మీ అమ్మకు మోకాలి నొప్పి, మెట్లెక్కనీయొద్దు. మీ తాత కొన్నాళ్ళన్నా ఉండినాడు. నాకు అంత టైము ఇస్తాదో లేదో."

కన్నెమ్మత్త కొంగుతో నోరు మూసుకుంది. నవ్వుకో ఏడుపుకో నాకు తెలియదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మగ్గంమీద పోగు తెగితే కంటికి కనపడకముందే వేలితో పట్టుకునే మనిషి మా నాయన. ఆ వేళ్ళు అలా వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఒట్టు వేసింది నేనే.

మిద్దె మీదికి పరుగెత్తాను. పాత గంట తీసుకున్నాను. కుండీలో ఒకే ఒక్క మందారం మిగిలి ఉంది. దాన్ని తుంచి నా చెవిమీద పెట్టుకుని కిందికి వచ్చి, నాయనకు ఎదురుగా నిలబడి నా తలను ఆయన తలకు ఆనించాను.

"నువ్వు ఆపు నాయనా. ఇప్పుడు నేను కొడతా."

ఆయన ఆపాడు. నేను మొదలుపెట్టాను. పచ్చప్ప ఒక కన్ను తెరిచింది. మందారాన్ని చూసింది. ఒక కాలు నా తలమీద వేసింది. ఆలోచించింది. అది ఆలోచించినంతసేపూ తండ్రీకొడుకులం నుదురూ నుదురూ ఆనించుకుని ఒకరి ఊపిరి ఒకరం పీల్చుకుంటూ నిలబడ్డాం. నాయన దగ్గర తమలపాకుల వాసన వచ్చింది. తరువాత మెల్లగా రెండోకాలు, మూడోకాలు, కడుపు, చివరికి తోక, అన్నీ నా తలమీదికి వచ్చేశాయి. బొద్దింకకు మంచమెక్కే మనిషిని. కళ్ళు గట్టిగా మూసుకుని గంట కొడుతూనే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే బావ లోపలికి వచ్చాడు. "గంట ఎందుకు?" అన్నది ఆయన మొదటిమాట. తోక ఎలా ఉందో చూసి, పక్కనుంచి చెయ్యి చాచి, కడుపుకింద ఆసరా ఇచ్చి, పచ్చప్పను దించుకున్నాడు. అక్క నాయనను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

నీళ్ళు తాగి నాయన పంచాంగం తెమ్మన్నాడు. అది ఎప్పటిలాగే ఆ పేజీ దగ్గరే తెరుచుకుంది.

"ఇందులో అంతా బల్లి పడితే ఏమవుతాదో గదా రాసినారు," అంది కన్నెమ్మత్త తొంగిచూసి. "ఇది పడలేదు గదన్నా. పద్ధతిగా మెట్లు దిగి, మగ్గమెక్కి, భుజంమిందనించి పోయినాది."

నాయన ఆ పేజీ ఇంకోసారి చదువుకుని పంచాంగం మూశాడు. ఆ నెలంతా నాకు నిద్రలేదు. ఆయన తుమ్మితే నేను లేచి కూర్చునేవాణ్ణి, దగ్గితే ఆటో పిలవబోయేవాణ్ణి. నెల తిరిగింది. ఇంకో నెలా తిరిగింది. ఒకరోజు మగ్గం మీద ఇంటిబల్లి ఒకటి పాకుతుంటే నాయన చూసి, చేత్తో అదిలించి, పని ఆపకుండానే నా వైపు తిరిగి వేళ్ళతో ఇంతేనా అన్నట్టు సైగ చేశాడు. మూడో మగ్గం మోటారు మాత్రం నాచేత మార్పించాడు.

నా కథ అక్కడితో అయిపోతే బాగుండేది. రేణిగుంట వెళ్ళిన పచ్చప్ప మేత ముట్టలేదు. బావ రెండురోజులు బతిమాలి నాకు ఫోన్ చేశాడు. గంట కొడితేనే అది మేతకొస్తుందన్న నిజం చెప్పక తప్పలేదు. తిరుపతి పక్కనే ఉంటూ ఏనాడూ గుడిమెట్టు ఎక్కని మా బావ ఇప్పుడు పొద్దునా సాయంత్రం ఇంట్లో గంట కొడుతున్నాడు. అపార్టుమెంటులో వాళ్ళంతా ఆయన్ను మహాభక్తుడని నమ్మి, గంట వినగానే చేతులు జోడించుకుని తలుపు ముందు తీర్థం కోసం నిలబడుతున్నారట. అక్క రోజూ వాళ్ళకు చక్కెరపొంగలి చేయలేక నన్ను తిడుతోంది.

అందుకని సమస్త నేతకులం సాక్షిగా, నాలుగు మగ్గాలమీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇనుమైనా సరే, తాళంకప్పను పూజలో పెట్టను. నోరులేని ఏ జీవానికీ ఏ వాయిద్యమూ నేర్పను. ఇకమీదట ఏ గుడిలోనైనా, ఎవరింట్లోనైనా గంట మోగితే, దేవుడు ఏమనుకున్నా సరే, నేను మాత్రం కళ్ళు మూసుకోను.